కుడి చెంప

మూడో కీర్తన మొదలయ్యేసరికి ఆ వాసన మళ్ళీ వచ్చింది. పొద్దున్నే కుంకుడు రసంతో తలంటుకున్నాను, మోచేతుల దాకా బట్టల సబ్బు పెట్టి రెండుసార్లు రుద్దుకున్నాను, పెట్టెలో కలరా ఉండల మధ్య మడతపెట్టి ఉంచిన తెల్లచీర తీసి కట్టుకున్నాను, అయినా వస్తోంది, గులాబీ సెంటూ గ్లిజరినూ కలిసిన తీపి వాసన, గోళ్ళ సందుల్లోంచి వస్తోందో ముక్కులోనే ఉండిపోయిందో తెలియదు. రెండు నెలల కిందట మొదటిసారి ఆ క్రీము సీసా మూత తీసినప్పుడు ఎంత బాగుందనుకున్నానో. పాడుతున్నట్టు పెదవులు కదుపుతున్నాను. గుడి నిండా జనం, అటు చాపల మీద మగవాళ్ళు, ఇటు ఆడవాళ్ళు, పైన ఒక్క ఫ్యాను. మా అక్క కొండమ్మ నా పక్కనే ఉంది, ఆమె కూడా పాడటం లేదు. గుడికి వచ్చి అక్క పాడకుండా కూర్చోవడం నేను పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి. చెంగు తల మీదుగా కుడి చెంప మీదికి లాక్కుని అంచు పళ్ళ మధ్య పట్టుకుంది. ఇక్కడ ఆడవాళ్ళందరూ ముసుగు వేసుకునే కూర్చుంటారు గనక ఎవరికీ అనుమానం రాలేదు. ఆ ముసుగు కింద ఏముందో నాకు తెలుసు. లోపలికి రాగానే అక్క కుడిపక్క చాపంతా ఖాళీగా ఉన్నా, చుట్టూ తిరిగి వచ్చి ఎడమపక్కన కూర్చున్నాను.

ఇవాళ బల్ల ఆదివారం. నెలకోసారి, మొదటి ఆదివారం, రొట్టే ద్రాక్షరసమూ తీసుకునే రోజు. మా గుడిలో ఒక పద్ధతి ఉంది, పెదకాకాని వైపు గుళ్ళలో ఉందో లేదో నాకు తెలియదు. బల్ల మీది తెల్లగుడ్డ తీసేముందు పాస్టరు సంజీవరావు అయ్యగారు ముందుకొచ్చి నిలబడి, ఎవరి మనసులోనైనా ఏమైనా ఉంటే ఇక్కడే చెప్పి రండి అంటారు. ఉన్నవాళ్ళు లేచి ఒక్క మాటలో చెబుతారు, తర్వాత అందరూ వరసగా వెళ్ళి మోకరిస్తారు. ఉండీ చెప్పనివాళ్ళు చాప మీదే కూర్చుండిపోవాలి. కూర్చోమని ఎవరూ బలవంతం చేయరు గానీ కూర్చున్నవాళ్ళ సంగతి వారం రోజులు పంపు దగ్గర నలుగుతుంది. దీనమ్మత్త ప్రతి నెలా లేచి కోళ్ళ విషయంలో పక్కింటామెను నోరుజారానంటుంది, పక్కింటామె లేచి నేనూ అన్నానంటుంది, ఇద్దరూ కలిసి వెళ్ళి మోకరిస్తారు, మళ్ళీ నెలకి కోళ్ళు అవే, తిట్లు కొత్తవి. నాకు పద్నాలుగో ఏట బాప్తిస్మం అయింది. ఈ ఏడేళ్ళలో ఏనాడూ కూర్చుండిపోలేదు, లేచి చెప్పుకునేంత పనీ ఏనాడూ చేయలేదు. ఇవాళ చెప్పాలి. లేకపోతే చెప్పకుండా వెళ్ళి అక్క పక్కనే మోకరించి రొట్టె నోట్లో పెట్టుకోవాలి. లేకపోతే కూర్చోవాలి. ముప్పావుగంట టైముంది. నిజానికి గుడి దాకా రావలసిన సంగతి కాదిది, అక్కా తప్పయిపోయింది అని నిన్న సాయంత్రం ఇంట్లోనే అనేస్తే అయిపోయేది. రోజుకి వందమంది ఆడవాళ్ళకి వద్దన్నది అంటగట్టే నోరు ఆ ఒక్క మాట దగ్గర పడిపోయింది.

కీర్తన అయింది, కూర్చున్నాం, అయ్యగారు ప్రసంగానికి పుస్తకం తెరిచారు. నా వేళ్ళు మండుతున్నాయి. కుడిచేతి వేళ్ళ కొసలు, చూపుడువేలూ దాని పక్కదీ, నిన్నటి నుంచి చల్లారలేదు. ఒళ్ళో పెట్టుకుంటే ఒళ్ళు వేడెక్కుతోంది. ఈ వేళ్ళనే కదా బుల్లయ్య సారు మెచ్చుకుంది. ఈ ఏడు గుంటూరు ఎగ్జిబిషన్లో, రంగులరాట్నానికీ అప్పడాల దుకాణానికీ మధ్య ఆయన స్టాలు, ధవళ క్రీము అని ఎర్రక్షరాల బోర్డు, కాలుపెడితే జిగురుగా అంటుకునే రెక్సిన్ పట్టా, ఒక మైకు, ఒక స్టూలు, ఒక ట్యూబులైటు. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్నదాన్ని, అక్క సంపాదన మీద ఇంకెంతకాలం అని వెళ్ళి అడిగితే ఆయన నా చదువు అడగలేదు, చేతులు చాపమన్నాడు. మెత్తగా ఉన్నాయి, పనికొస్తావన్నాడు. అవి మెత్తగా ఎందుకున్నాయో ఆయనకి తెలియదు. స్టూలుకి కుడిపక్కన రాట పాతి దానికి నిలువుగా ట్యూబులైటు బిగించాడు, ఎడమపక్క నల్లగుడ్డ వేలాడదీశాడు. క్రీము ఎప్పుడూ కుడి చెంపకే రాయాలి. రాసి అద్దం ఇస్తే కుడివైపు తెల్లగా, ఎడమవైపు నల్లగా కనపడుతుంది. పెరుగు రాసినా అట్లాగే కనపడుతుంది, అసలు ఏమీ రాయకపోయినా కనపడుతుంది. మొదటిరోజు నేను కూర్చుని చూసుకున్నాను. నాకు నవ్వొచ్చింది. ఎంత తెలివైనవాడు అనుకుని నవ్వాను, అదీ నేను.

ఆయన పాఠాలు నాకు బైబిలు వాక్యాల కన్నా బాగా కంఠతా వచ్చాయి. నిలబడ్డ మనిషి వెళ్ళిపోతుంది, కూర్చోబెట్టు. కూర్చోగానే చెయ్యి పట్టుకో, పట్టుకున్న చెయ్యి వదలకు. ముందు చేతి వెనక రాయి, అది చూసుకుంటూ ఉండగా అవే వేళ్ళతో చెంపకి వెళ్ళిపో, అడగొద్దు. మీదే ఊరమ్మా అను, పేరేంటమ్మా అను, పేరు చెప్పిన మనిషి పారిపోలేదు, పదిమందిలో ఆ పేరు మైకులో పిలుస్తాం గదా. అన్నిటికన్నా ముఖ్యం, సీసా కొనేదాకా రెండో చెంపకి రాయొద్దు, కాళ్ళు పట్టుకున్నా రాయొద్దు. సగం ముఖంతో బస్సెక్కుతారా అమ్మా అని మెల్లిగా అను, గట్టిగా అనకు, జాలిగా అను. మన చేలల్లో తీసిన పత్తే, శుభ్రంగా ఏకించిన దూది, దాంతో ముందు ముఖం తుడిచి వాళ్ళకే చూపించాలి. ఎర్రబస్సు దిగి దుమ్ములో నడిచొచ్చిన ఎవరి ముఖం తుడిచినా దూది నల్లబడుతుంది. చూశారా మీ నలుపు ఎట్లా వదులుతోందో అనాలి. అన్నాను. రెండు నెలలు రోజూ అన్నాను. ఖుర్షిదా అని ఒక టీచరమ్మ వచ్చింది, నెమ్మదైన మనిషి, వద్దమ్మా నాకు బస్సు టైమయింది అంటూనే కూర్చుంది, సగం అయ్యాక అద్దం చూసుకుని రుమాలు అడ్డం పెట్టుకుని గబగబా వెళ్ళిపోయింది. బుల్లయ్య సారు మైకులో, టీచరమ్మ ఖుర్షిదా గారూ ఆ రెండో చెంప ఏం పాపం చేసిందండీ అన్నాడు. జనం నవ్వారు. ఆమె గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చి, నా కళ్ళలోకి చూడకుండా మూడు సీసాలు తీసుకుంది. ఆ రోజు ఇంటికొచ్చి అక్కకి ఈ ముచ్చట చెప్పాను, ఏదో గెలిచినట్టు, చేతులు తిప్పుకుంటూ. అక్క నవ్వలేదు. పూర్తిగా రాసి పంపలేకపోయావా, ఆమె ఇంటికెళ్ళేదాకా ఎంత ఇబ్బంది పడిందో అంది. నీకు వ్యాపారం తెలియదక్కా అన్నాను.

ఒక పక్క ప్రసంగం నడుస్తోంది. అయ్యగారు ఏదో ఉదాహరణ చెబుతుంటే మగవాళ్ళ వైపు నుంచి నాన్న తలూపుతున్నాడు, జక్రయ్య మేస్త్రీ అంటే మా నాన్నే, ఆయన తలూపితే ముందు వరసంతా ఊపుతుంది. అక్క మెల్లిగా చెంగు పైకెత్తి విసనకర్ర లోపల పెట్టి రెండుసార్లు ఆడించుకుంది. అటు చూడకూడదనుకుంటూనే చూశాను, ఇటునుంచి ఏమీ కనపడదు, మెడ మాత్రం కనపడుతోంది. ఎడమ చెంప ఎప్పటిలాగే ఉంది. అక్క ఛాయ నల్లనిది, అమ్మ ఛాయ. నేను నాన్న పోలిక, చామనఛాయకి ఒక పిసరు ఎక్కువ, ఈ పిసరు చూసే బుల్లయ్య సారు రెండోరోజు ఒక ఫొటో తెమ్మన్నాడు. మా ఇంట్లో ఉన్నది ఒకటే ఫొటో. అయిదేళ్ళ కిందట క్రిస్మస్‌కి స్టూడియోలో తీయించుకున్నది, అక్కా నేనూ పక్కపక్కన, అక్క ఒంటి మీద నేను కుట్టిన బుట్టచేతుల జాకెట్టు. తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన నా ముఖం వైపు, అక్క ముఖం వైపు చూసి కత్తెర తీసుకున్నాడు. మధ్యకి కత్తిరించాడు. అక్క ఉన్న ముక్కని స్టూడియోకి పంపి ఇంకా నల్లగా, కళ్ళూ ముక్కూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేలా పెద్దది చేయించాడు. వాడక ముందు, అని దానికింద. వాడిన తర్వాత, అని నా ముక్క కింద. ఈ అమ్మాయేనండీ ఆ అమ్మాయి అని మైకులో చెబితే నేను చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడాలి. ఫొటో మనిషిని పోల్చుకోవడం ఎవరితరం కాదు, జాకెట్టు మాత్రం నేను పోల్చుకుంటాను. ఆయన కత్తెర పెట్టినప్పుడు నేను ఎదురుగానే ఉన్నాను. వద్దనలేదు. అక్క ఎగ్జిబిషన్‌కి ఎందుకొస్తుందిలే అనుకున్నాను, అంతకు మించి ఒక్క ఆలోచన కూడా నాకు రాలేదు.

అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్ళు, అక్కకి పదమూడు. వేటపాలెం జీడిపప్పు కార్ఖానాలో పెరిగిన మనిషి అమ్మ, జీడి రసానికి ఆమె చేతులు ఎప్పుడూ పొట్టు రేగి ఉండేవట. పేరు అంకమ్మ. అక్క బడి మానేసి మిరపకాయల గోడౌనులో తొడిమలు తీయడానికి వెళ్ళింది, ఇప్పటికి పదిహేనేళ్ళు. ఆ పనికి వెళ్ళేవాళ్ళు ముఖం చేత్తో తుడుచుకోరు. చెమట పడితే భుజానికి రాసుకుంటారు, కన్ను దురదపెడితే మోచేతి మడతతో అద్దుకుంటారు, చంటిపిల్లలున్నవాళ్ళు చెంగు చేతికి చుట్టుకుని గానీ బిడ్డని తాకరు. సబ్బుకి పోదు ఆ ఘాటు, మజ్జిగతో కడిగి ఆముదం రాసి పడుకున్నా పొద్దున్నకి ఉంటుంది. నా చిన్నతనమంతా అక్క నన్ను చెంగు చుట్టిన చేత్తోనే పట్టుకుంది. ముక్కు తుడిచినా, బొట్టు లేని నుదుటికి పౌడరద్దినా, జ్వరం చూసినా గుడ్డలోంచే. నేను తొడిమలకి వస్తానంటే ఒక్కసారి కూడా రానివ్వలేదు, నీ చేతులు పాడుచేసుకోకు, పుస్తకం పట్టుకో అనేది. బుల్లయ్య సారు మెచ్చుకున్న మెత్తని చేతులు అవి. అక్క పదిహేనేళ్ళు గుడ్డ చుట్టుకుని కాపాడిన చేతులు తీసుకెళ్ళి ఆయన కౌంటరు మీద పెట్టాను.

నిన్న శనివారం, గోడౌనులో పని పెందలాడే వదిలారు. పొద్దున నేను అన్నం తినకుండా బస్సుకి పరుగెత్తానని అక్క తన క్యారేజీలో పైగిన్నె ముట్టకుండా నాకోసం ఉంచి, ఎగ్జిబిషన్ వెతుక్కుంటూ నడిచొచ్చింది. జనంలోంచి ఆమె తల కనపడింది, తలకి కట్టుకున్న గుడ్డ ఇంకా విప్పలేదు, గుడ్డ మీద ఎర్రటి పొడి. నన్ను చూసి నవ్వింది. స్టాలు చుట్టూ నలభైమంది ఉన్నారు, అప్పుడే నేను ఫొటో కింద నిలబడి, ఈ అమ్మాయేనండీ ఆ అమ్మాయి అనిపించుకున్నాను. అక్కా అని ఒక్క పిలుపు పిలిస్తే, ఆ నల్లటి ఫొటో నాది కాదేమోనని నలభైమందికీ అనుమానం వస్తుంది. పిలవలేదు. చూపు తిప్పుకున్నాను. మామూలుగా బేరానికి దొరకని మనిషి అయితే అంతటితో పోయేది, బుల్లయ్య సారు కళ్ళు ఆమె మీద పడ్డాయి. నల్లటి మనిషి, పనిలోంచి వచ్చిన మనిషి, ఆయనకి కావలసింది అదే. రామ్మా రామ్మా కొనక్కర్లేదు, ఉచితంగా చూసి వెళ్ళు అంటూ రెక్క పుచ్చుకుని స్టూలు మీద కూర్చోబెట్టాడు. అక్క నా వైపు చూసింది. తర్వాత నా వెనక చూసింది, బోర్డు మీద. బుట్టచేతులు చూసింది. ఎంతసేపు చూసిందో నేను చెప్పలేను, నేను దూది తీస్తున్నాను. తీసి తుడిచి, నల్లబడ్డ దూదిని ఎత్తి జనానికి చూపించాను, ఎర్రబడింది కూడా, మిరప పొడి. నా నోరు దాని పని అది చేసుకుపోయింది.

"మీదే ఊరమ్మా?" అన్నాను.

ఎవరితో అన్నాను. ఆ గొంతు నాకు ఇప్పుడు వినపడుతోంది, అయ్యగారి ప్రసంగం మీదుగా, ఆ జాలి, ఆ తీపి. ఉమ్మేద్దామంటే గుడిలో ఉన్నాను. అక్క రెప్ప వేయకుండా, మాది వేటపాలెమండి అంది. పేరేంటమ్మా అంటే, అంకమ్మ అంది. నేను చెయ్యి పట్టుకున్నాను. అక్క లాక్కుంది, చేతులొద్దండి, కాయల్లోంచి వస్తున్నాను అంది. నాకు ఆ మాటలో అండి ఒక్కటే వినపడింది. మా అక్క నన్ను అండి అంటోంది. దాని చుట్టూ ఉన్న మిగతా మాట చెవిలోంచి జారిపోయింది, మిరపకాయల ఇంట్లో పుట్టి పెరిగిన నాకు, పాలుతాగే పిల్లకి కూడా తెలిసిన సంగతి తట్టలేదు. ఆ చెయ్యే మళ్ళీ పట్టుకుని చేతి వెనక క్రీము రాశాను, అరచేతి దాకా రుద్దాను, పాఠంలో ఉన్నట్టే, అవే వేళ్ళతో చెంపకి వెళ్ళిపోయాను, కంటి కింద దాకా, గుండ్రంగా, మెల్లిగా, మూడు నిమిషాలు. రెండో నిమిషంలో అక్క ఒళ్ళు బిగుసుకుంది. కన్ను మూసుకుపోయింది, నీళ్ళు కారాయి, చెంప ముందు పొంగి తర్వాత ఎర్రగా కందిపోయింది. అప్పుడు నా వేళ్ళూ అంటుకున్నాయి, అక్క చేతిలోని మిరప ఘాటే చెంపకెక్కిందని అప్పుడు తెలిసింది. తుడుద్దామని దూది తీసుకుంటే బుల్లయ్య సారు నా మణికట్టు పట్టుకుని మైకు నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

మంటంటే పని చేస్తున్నట్టేనండీ అన్నాడు. వేటపాలెం నుంచి వచ్చిన అంకమ్మ గారి చెంప చూడండి, నలుపు ఎట్లా కాలిపోతోందో చూడండి, అంకమ్మ గారూ ఇటు తిరగండి, అంకమ్మ గారూ కాస్త నవ్వండి. మా అమ్మ పేరు. పదిహేనేళ్ళుగా ఇంట్లో మెల్లిగా తప్ప పలకని పేరు రంగులరాట్నం మీదుగా, అప్పడాల వాసన మీదుగా, గేటు దాకా మోగింది. అక్క ఇటు తిరిగింది. నవ్వింది కూడా. ఒడిలో క్యారేజీ రెండు చేతులతో పట్టుకుని, నవ్వమన్నాడు గనక నవ్వింది, నా ఉద్యోగం పోకుండా. జనం ముందుకి తోసుకొచ్చారు, నాకు రాయండి నాకు రాయండి అని చేతులు చాపారు, నేను ఇంకో ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఎడంచేత్తో రాశాను, కుడిచెయ్యి మండుతోంది గనక. ఆపాననుకుంటున్నారేమో, ఆపలేదు. మళ్ళీ తల తిప్పి చూసేసరికి స్టూలు మీద వేరే ఎవరో ఉన్నారు. అక్క ఎవరో తెలియని మనిషిలాగానే వచ్చి అట్లాగే వెళ్ళిపోయింది, క్యారేజీ ఇవ్వకుండానే, ఎవరో తెలియని మనిషి అన్నం ఎట్లా ఇస్తుంది మరి.

ఇంటికొచ్చేసరికి అక్క వాకిట్లో మజ్జిగ గుడ్డ చెంప మీద పెట్టుకుని కూర్చుంది. నాన్న ఏమయిందని అడిగితే మిరపకాయ మంటే నాన్నా అంది. అందులో అబద్ధం లేదు. మా అక్క అబద్ధం ఆడదు, ఆడటం చేతకాదు ఆమెకి, గోడౌనులో బస్తా తూకం గురించి కూడా ఆడనందుకు తిట్లు తింటుంది. క్యారేజీ గూట్లో ఉంది. మూత తీశాను, గోంగూర కలిపిన అన్నం, నాకిష్టమని ఉల్లిపాయ ముక్క విడిగా, అన్నం పాచిపోయి తీగలు సాగుతోంది. నిలబడే తిన్నాను. రెండు ముద్దలకి కడుపులోంచి తన్నుకొచ్చింది, పెరట్లోకి పరుగెత్తాను. అక్క చూసింది. లేచి చెంబుతో నీళ్ళు తెచ్చి గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది, నా చేతికి ఇవ్వలేదు. తిట్టినా బాగుండేది, చెంప పగలగొట్టినా బాగుండేది. పొద్దున్న గుడికి వస్తావా అక్కా అని మాత్రం అడిగాను, అది కూడా అడగవలసిన మాట కాదు. బల్ల ఆదివారం గదా అంది.

చందా సంచి వచ్చి వెళ్ళింది. ప్రసంగం ఎప్పుడయిందో తెలియలేదు. బల్ల దగ్గర పాస్టరమ్మగారు తెల్లగుడ్డ అంచులు సవరిస్తున్నారు. నేను మాట కూర్చుకుంటున్నాను, లేచి ఏమనాలి, నిన్న పనిలో పొరపాటు జరిగిందండి అనవచ్చు, పేర్లు చెప్పనక్కర్లేదు, ఒక మనిషి ముఖానికి నావల్ల మంట కలిగిందండి అనవచ్చు, తల కొంచెం వంచి, గొంతు తగ్గించి, గట్టిగా అనకు, జాలిగా అను. ఇక్కడ కూడా అదే. దేవుణ్ణి కూడా స్టూలు మీద కూర్చోబెట్టి సగానికే రాసి వదిలేద్దామని చూస్తున్నాను. బుల్లయ్య సారు ఎగ్జిబిషన్లోనే ఉన్నాడనుకున్నాను, కాదు, నా నాలుక కింద కూర్చున్నాడు. ఇంతలో అయ్యగారు ముందుకొచ్చి నిలబడ్డారు. ఎప్పుడూ అడిగేదే అడిగారు. దీనమ్మత్త లేచింది, కోళ్ళు. పక్కింటామె లేచింది, కోళ్ళు. అందరూ ముసుగుల్లో నవ్వుకున్నారు. తర్వాత నా పక్కన చాప కదిలింది.

అక్క లేచి నిలబడింది. చెంగు అట్లాగే పట్టుకుని, ఎడమ చెంప, ఎడమ కన్ను మాత్రం కనపడేలా. కొండమ్మ లేవడం ఎవరూ ఎరగరు. చెప్పేస్తుంది, చెప్పెయ్యనీ, నా నోటి పని తప్పుతుంది అనుకున్నాను, అంత నీచమైన ఊరట ఎవరికీ కలిగి ఉండదు.

"నేను నిన్న అబద్ధం ఆడానండి," అంది అక్క. "పదిమందిలో పేరు అడిగితే మా అమ్మ పేరు చెప్పాను."

అయ్యగారు ఒక క్షణం చూశారు. మామూలుగా ఆయన ప్రశ్నలు వేయరు, కొండమ్మ గనక అడిగినట్టున్నారు. "ఎవరమ్మా అడిగింది?"

"ఎవరో అమ్మాయండి. నేనెరగను."

కోపంగా అనలేదు. నా వైపు చూసి అనలేదు. నన్ను కాపాడటానికే అందేమో, నిన్నటిలాగా, గుడ్డ చుట్టిన చేత్తో పట్టుకున్నట్టు. నిజంగానే అందేమో. స్టూలు మీద కూర్చుని ఎదురుగా చూసిన ఆ అమ్మాయిని ఆమె ఎరగదు గదా, ఎప్పుడు చూసింది గనక. ఈ రెండింటిలో ఏదో తెలియక నేను చాప పుల్లలు పట్టుకుని కూర్చున్నాను. అబద్ధం ఒప్పుకోవడానికి లేచిన మనిషి నాకోసం ఇంకో అబద్ధం ఆడిందా, లేక నిజమే చెప్పిందా. అయ్యగారు తలూపారు. ఇంకెవరైనా ఉన్నారా అన్నారు. నాన్న మెడ చాచి ఇటు చూస్తున్నాడు. అక్క కూర్చోలేదు, బల్ల దగ్గరికి వెళ్ళడానికి చీర కుచ్చెళ్ళు సర్దుకుంటోంది, ఇంకో నాలుగు అడుగులు వేస్తే ముందు వరసలో కలిసిపోతుంది, తర్వాత మేమిద్దరం ఇంటికి వెళతాం, ఆమె అన్నం పెడుతుంది, సోమవారం నేను పనికి వెళతాను, ఆమె నన్ను ఎరగదు. అట్లాగే సాగిపోతుంది. ఏ గొడవా ఉండదు. ఎప్పుడు లేచానో నాకు తెలియదు. కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ మిగల్లేదు. గొంతు బొంగురుగా వచ్చింది, నా గొంతు ఇట్లా ఉంటుందని మరిచిపోయాను.

"మీదే ఊరమ్మా అని అడిగింది నేనేనండి," అన్నాను. "మా అక్కని."

ఎవరికీ అర్థమై ఉండదు. దీనమ్మత్త ఏమంటుందే ఈ పిల్ల అని పక్కామెని అడిగింది. అక్క మాత్రం ఆగింది. నా వైపు తిరిగింది, పళ్ళ మధ్యనున్న చెంగు వదిలింది, తల మీదినుంచి లాగింది. ఆడవాళ్ళ వైపు అందరి నోటా ఒక్కసారి అయ్యో అన్న చప్పుడు. కన్ను పూడిపోయి ఉంది, చెంప మీద చర్మం పొక్కులెక్కి మెరుస్తోంది, నా వేళ్ళు తిరిగిన మేరకి, గుండ్రంగా, కంటి కింద దాకా, ఎంత శ్రద్ధగా రాశానో అంతా కనపడుతోంది. చూపు తిప్పుకోవడానికి ఇక్కడ బోర్డు లేదు, దూది లేదు. లాగిన చెంగుని అక్క కుడిచేతికి చుట్టుకుంది, ఒకటి, రెండు, మూడు చుట్లు, నా చిన్నప్పుడు చుట్టుకున్నట్టే, చుట్టి ఆ చెయ్యి నా వైపు చాపింది. ముసుగు లేకుండా, గుడి మధ్యలో. పట్టుకున్నాను. గుడ్డలోంచి కూడా నా వేళ్ళు మండాయి. అక్క ఇంకా నవ్వలేదు, క్షమించానని అనలేదు, ఆ ముఖంలో ఆ మాట ఎక్కడా లేదు. నేను అలవాటుగా ఎడమపక్కకి జరగబోతే చెయ్యి బిగించి ఆపింది.

"ఆ పక్క కాదు," అంది. "కుడి కన్ను ఆనటం లేదు. ఇటొచ్చి నడువు."